కోరుట్లకు తీసుకుపోతున్న జవాబు

పెట్టుకోవాలా, వద్దా. సిరిసిల్లలో బస్సెక్కినప్పుడు పెట్టుకోవాలనే ఉంది. వేములవాడలో సగం బస్సు ఖాళీ అయి, గుండ్లు చేయించుకున్న మొక్కుబడి జనంతో మళ్ళీ నిండేసరికి వద్దనిపించింది. చందుర్తిలో మళ్ళీ పెట్టుకోవాలనిపించింది. ఇప్పుడు రుద్రంగి దాటి రెండు మైళ్ళు వచ్చాక, కల్వర్టు ముందు పోలీసులు బస్సు ఆపి అందర్నీ దింపేశాక, రోడ్డు పక్క కంకర కుప్ప మీద ఎండలో కూర్చున్నాక ఏమనిపిస్తోందో నాకే తెలియడం లేదు. కల్వర్టు కింద ఏదో వైరు కనిపించిందట, మందుపాతరేమోనని. జగిత్యాల నుంచి సార్లు వచ్చి చూస్తే గాని బస్సు కదలదట. "ఎంతసేపైతది సార్" అని కండక్టరు అడిగితే "నీకు తొందరుంటె నువ్వే ముందుగాల నడువు" అన్నాడు కానిస్టేబులు. కండక్టరు నడవలేదు. తొందర నాకుంది. నా షెడ్డు పనికి పెట్టుకుంటానో లేదో సాయంత్రం లోపల కోరుట్లలో దామోదర్ రావుకు జవాబు చెప్పాలి. చెప్పకపోతే రేపు పొద్దున ఆయన షోలాపూర్ వెళ్ళిపోతాడు. అక్కడి మిల్లువాళ్ళు పిలిచారు. వెళ్ళాడంటే ఇక రాడు, నా సాంచెలు వాటి ఖర్మానికి అవి.

సాంచెలంటే మరమగ్గాలు. కాగితాల మీద ఏమని రాసినా సిరిసిల్లలో ఎవరినడిగినా సాంచె అనే అంటారు. నా షెడ్డులో పన్నెండున్నాయి. పొద్దంతా బాగానే ఆడతాయి. మధ్యాహ్నం రెండు దాటిందా, పడుగు పోగులు తెగడం మొదలు. ఒకటి కడితే రెండు తెగుతాయి, రెండు కడితే నాలుగు. గుడ్డలో సందులు పడతాయి. హైదరాబాద్ సేటు రెండుసార్లు గుడ్డ థాన్లు తిప్పి పంపాడు. మూడోసారి కూడా ఇట్లాగే ఉంటే నూలు పంపడం ఆపేస్తానని కబురు చేశాడు. నూలు రాకపోతే షెడ్డు లేదు. షెడ్డు లేకపోతే నేనూ నా పెళ్ళాం సత్యవ్వ ఎట్లాగో బతుకుతాం, కాని ఓదెలు మామ ఈ వయసులో ఏ షెడ్డుకు పోతాడు? నూలు కండెలు చుట్టే లసుమవ్వను ఎవరు పెట్టుకుంటారు, కళ్ళు సగం కనిపించవు. ఎందుకు తెగుతున్నాయో మాత్రం అందరికీ తెలుసు, ఎవరికి తెలిసింది వాళ్ళకు. ఓదెలు మామ పెంకులు తీసేసి రేకులు వేయించడం వల్లే అంటాడు. పక్క షెడ్డు సారయ్య గంజి సరిగా పట్టలేదంటాడు. నూలే మంచిది కాదని నేనంటాను, సేటు ముందు మాత్రం అనను. లసుమవ్వ అయితే మార్కండేయుని పండుగకు నేను గుడికి రాలేదు కాబట్టి అంటుంది. ఆరు నెలల నుంచి ఇదే పంచాయితీ.

అప్పుడు చేతికొచ్చింది ఒక కార్డు. జగిత్యాల ప్రెస్సులో అచ్చు వేయించింది, అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. పేరు కింద టెక్స్‌టైల్ కన్సల్టెంట్ అని ఉంది. "కన్సల్టెంటంటె ఏంది బిడ్డా" అని సత్యవ్వను అడిగింది లసుమవ్వ. "సలహాలు చెప్పెటాయన" అంది సత్యవ్వ. "సలహాలకు గూడ కార్డు అచ్చేస్తరా? మా ఇంటాయన ఊకెనే చెప్పుతుండె, ఇననోళ్ళకు సుత." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత పేరు చదివాను, దామోదర్ రావు. నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆయన మా ఊరి దొర. మేడిపల్లి అవతలి మా ఊళ్ళో కోటలాంటి ఇల్లు, గడీ, ఆయనది. బొంబాయిలో బట్టల చదువు చదివి, అక్కడి మిల్లులోనే పెద్ద ఉద్యోగం చేసి, ఆ మిల్లు మూతబడ్డాక తిరిగొచ్చాడు. వచ్చేసరికి భూముల్లో ఎర్రజెండాలున్నాయి, గడీకి తాళముంది. కోరుట్లలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుని ఉంటున్నాడు. మా నాయన నర్సయ్య ఆ గడీకి ఏటా జత ధోవతులూ ఒక చీరా ఊరికే నేసిచ్చేవాడు. మా నాయన చేతుల్లో చెప్పులు పట్టుకుని నడిచిన వాకిలి యజమాని నా షెడ్డుకు డాక్టరుగా వస్తానంటున్నాడు. నాకు సంతోషం కలిగింది. ఎందుకు దాచుకోవాలి, చెడ్డ సంతోషమే కలిగింది.

ఎదురుగా పత్తి చేనులో ఒక ముసలావిడ తన మానాన తాను గడ్డి కోసుకుంటోంది. బస్సు ఆగినా, పోలీసులు దిగినా ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ వంగింది. కొడవలి ఒకే తీరుగా పోతోంది, సర్ సర్ అని. ఓదెలు మామ చేతులు కూడా అట్లాగే ఆడతాయి. ఆడేవి, ఆ రోజు దాకా.

ఆ రోజు, పోయిన మంగళవారం. చూసి చెప్తే చాలు, పెట్టుకోవడం మాట తర్వాత అని కబురు పెట్టాను, ఆయన వచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో భూతద్దం. గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో ఓదెలు మామ సాంచె ఆపి లేచి నిలబడ్డాడు. మామ కూడా మా ఊరి మనిషే. మామను చూసి పక్క సాంచె ఆగింది, దాన్ని చూసి ఇంకొకటి. ఆయనెవరో ఎరగని సిరిసిల్ల పోరలు కూడా, పెద్దోళ్ళు ఆపారు కదా ఏదో ఉందని ఆపేశారు. పన్నెండు సాంచెలు ఆగిపోతే షెడ్డు ఎట్లా ఉంటుందో నేనెన్నడూ వినలేదు. కరెంటు పోయినప్పుడు ఆగుతాయి కాని అప్పుడు తిట్లుంటాయి, నవ్వులుంటాయి. ఇప్పుడేమీ లేదు. ఆయన అటూ ఇటూ చూసి, "నడవాలె. చప్పుడు ఇంటెగని ఏం తెల్వది" అన్నాడు. నన్ను నువ్వు అనలేదు, మీరు అనలేదు. వచ్చిన దగ్గర్నుంచి పోయేదాకా ఏదీ అనకుండానే మాట్లాడాడు, దానికెంత కష్టపడ్డాడో నాకు తెలుస్తూనే ఉంది. సాంచెలు నడిపారు. నడిచాయా అవి! ఒకడు అటూ ఇటూ ఉరికే నాడె తప్పించాడు, ఒకడు అందులో పేక నూలు అయిపోయినా చూసుకోలేదు. ఓదెలు మామ సాంచె మీద పోగు తెగింది. కళ్ళు మూసుకుని కట్టగలిగిన మనిషి, వేళ్ళు వణికి కట్టలేకపోయాడు. అప్పుడు దామోదర్ రావు వంగి, తెగిన కొసలు రెండూ తనే పట్టుకున్నాడు.

కట్టలేకపోయాడు. బొంబాయి మిల్లులో వందల సాంచెల మీద పెత్తనం చేసిన మనిషికి తెగిన పోగు ముడి రాదు. ఎట్లా వస్తుంది, ఆయన చూస్తుంటే కట్టడానికి వేరేవాళ్ళుండేవాళ్ళు. ఒకసారి జారింది, రెండోసారి జారింది, మూడోసారి పోగే తెగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. మా దగ్గర ఐదేళ్ళ పిల్ల కూడా కడుతుంది దాన్ని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక మెలిక, గోటితో ఒక నొక్కు, అంతే. ఎవరూ నవ్వలేదు. కార్డుకు నవ్విన లసుమవ్వ కూడా కండెల వైపు తిరిగింది. ఒక్కరు నవ్వి ఉంటే, ఒక్క లసుమవ్వ కిసుక్కుమన్నా సాంచెలు మామూలుగా నడిచేవని ఇప్పటికీ అనిపిస్తుంది. నేనైనా నవ్వాల్సింది. ఇంట్లో మూడు రోజులు మనసులో నవ్వుకున్నాను, అక్కడ మాత్రం నేల చూశాను. చూస్తే నా కాళ్ళకు చెప్పుల్లేవు. ఎప్పుడు విడిచానో, ఎందుకు విడిచానో. నా షెడ్డులో, నా సొంత షెడ్డులో.

ఆయన పోయాక ఓదెలు మామ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "గాయన మంచోడే కావచ్చు అల్లుడా. సదువుకున్నోడు. కని గాయన ముంగట నా చేతులాడయి." నేను కోపంతో, "గిప్పుడు గడీ లేదు, ఏం లేదు, ఎందుకు భయపడుతున్నవే మామా" అన్నాను. "నేను భయపడుతలేను. చేతులు భయపడుతున్నయి" అన్నాడు. మర్నాడు దేవదాస్ వచ్చాడు, యూనియన్ మనిషి. నాకంటే చిన్నవాడు, మంచివాడే. వాడు చాయ్ తాగకుండా లేచాడంటే విషయం ఉందన్నమాట. "ఊళ్ళెకెల్లి ఎల్లిపోయినోన్ని నువ్వు షెడ్ల కుర్చేసి కూసుండవెడుతున్నవట గదనే. నాకైతె ఏం లేదు. అడిగెటోళ్ళు అడుగుతరు" అన్నాడు. అడిగేవాళ్ళెవరో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. అడగకుండా తెలిసే సంగతులే ఎక్కువగా ఉన్నాయి ఈ మధ్య.

పోలీసులు లైను కట్టించారు. పేర్లు రాసుకుంటున్నారు. నా ముందు విత్తనాల సంచితో ఉన్న బుగ్గారం ఆయన, చుట్టాలింటికి పోయి వస్తున్నానన్నాడు. ఏ చుట్టాలు, పేరేంది, ఎన్నడు పోయినవ్, ఎందుకు పోయినవ్, సంచి మొత్తం రోడ్డు మీద గుమ్మరించారు. ఆయన గింజలు ఏరుకుంటూ కూర్చున్నాడు. నా వంతు వచ్చింది. "కోరుట్లల ఎవలింటికి?" "దామోదర్ రావు దొర దగ్గరికి" అన్నాను. కానిస్టేబులు నా సంచి జిప్పు మీద పెట్టిన చెయ్యి తీసేశాడు. "పో, నీడల కూసో." పోయి నీడలో కూర్చున్నాను. దొర అని ఎవరు అనమన్నారు నన్ను? దామోదర్ రావు అంటే సరిపోయేది. సలహా చెప్పేవాడి దగ్గరికి అన్నా అయ్యేది. ఆ ఒక్క మాట ఇక్కడ నన్ను నీడలో కూర్చోబెట్టింది, అదే మాట దేవదాస్ చెవిన పడితే సిరిసిల్లలో నన్ను ఎండలో నిలబెడుతుంది. బుగ్గారం ఆయన ఇంకా గింజలు ఏరుతూనే ఉన్నాడు. పోయి సాయం చేయాలనుకున్నాను. చేయలేదు. సిగ్గేసింది నాకు, నిజంగానే సిగ్గేసింది.

పొద్దున బయల్దేరుతుంటే సత్యవ్వ టిఫిను డబ్బా సంచిలో పెడుతూ అంది, "ఒక మాటడుగుత, కోపం చెయ్యకు. గాయన్ను పెట్టుకునుడు పని కోసమా, మా మామ కోసమా?" మామ అంటే ఓదెలు మామ కాదు, తన మామ, మా నాయన. మీ నాయిన అనదు ఎప్పుడూ, చనిపోయేదాకా ఆయన కోడలి చేతి అన్నమే తిన్నాడు. "పని కోసమే" అన్నాను. "అయితె మంచిదే" అంది. ఆ మంచిదేలో నమ్మకం లేదు. నాకు లేనిది తనకెట్లా ఉంటుంది? నేను అనుకున్నది ఇది. ఆయన ప్రతి సోమవారం కోరుట్లలో బస్సెక్కి రావాలి. నేను లోపల పనిలో ఉండాలి. ఆయన బయట బల్ల మీద కూర్చుని ఉండాలి, గంట, గంటన్నర. నేను వచ్చి, అరే చూసుకోలేదు అనాలి. ఆ మాట ఎట్లా అనాలో కూడా అద్దం ముందు కాదు గాని స్నానం చేస్తూ అనుకుని చూశాను. నలభై ఏళ్ళొచ్చాయి నాకు.

మా నాయన అయితే ఏం చేసేవాడు? అది తలుచుకుంటే ఆ వాకిలి గుర్తొస్తుంది. నాకు ఏడేళ్ళు. నాయన ధోవతి జత భుజం మీద, చెప్పులు చేతిలో, నేను వెనక. గడీ వాకిట్లో ఎండలో నిలబడ్డాం, ఎంతసేపని చెప్పను, నా అరికాళ్ళు మార్చి మార్చి పెట్టుకున్నాను. లోపలి నుంచి పెద్ద దొర రాలేదు, కొడుకు వచ్చాడు, ఈ దామోదర్ రావే. పన్నెండేళ్ళుంటాయేమో. ధోవతి తీసుకుని మడత విప్పి, రెండు చేతులతో పైకెత్తి సూర్యుడికి పట్టాడు. అంత పెద్ద గుడ్డలో వేలు పెట్టి, "ఇక్కడ పోగు తెగింది" అన్నాడు. తెగింది నిజమే. మా నాయనకే కనిపించలేదు. ఇంకొకటి నేసి తెమ్మన్నారు. నాలుగు రోజులు పొలం పనికి పోకుండా గుంట మగ్గంలో కూర్చుని నేశాడు. ఆ తప్పు ధోవతి తనే కట్టుకున్నాడు ఏళ్ళ తరబడి, తెగిన చోటు మోకాలి మీదికి వచ్చేది. తిరిగి వస్తూ దారిలో నేను ఏడుస్తుంటే నాయన నన్ను ఎత్తుకుని ఏమన్నాడో తెలుసా. "పిల్లగానికి కన్నున్నదిరా" అన్నాడు. అంతే. తిట్టలేదు, శపించలేదు. కన్నున్నదిరా అని మెచ్చుకున్నాడు. దొరను కాదు, నాయననే క్షమించలేకపోయాను ఆ మాటకు. ముప్పై మూడేళ్ళు.

కాని నేను థాను తయారయ్యాక ఏం చేస్తాను? ప్రతి థానూ కొస పట్టుకుని గుమ్మంలోకి తెచ్చి, రెండు చేతులతో పైకెత్తి వెలుతురుకు పడతాను. ఓదెలు మామ నవ్వుతాడు, అచ్చం మీ నాయిన లెక్కనే పడుతవురా అని. అవును, నాయన దగ్గరే నేర్చుకున్నాను. మరి నాయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? అంతకు ముందు నాయన గుడ్డను ఒడిలో పెట్టుకుని చేత్తో తడిమి చూసేవాడు. ఆ వాకిలి తర్వాతే పైకెత్తడం మొదలుపెట్టాడు. కంకర కుప్ప దగ్గర, ఈ ఎండలో, వైరు కోసం పోలీసులు పడుకుని కల్వర్టు కిందికి టార్చి వేస్తుంటే ఇది నాకు ఇప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ ఆ పిల్లవాడు ఎత్తినట్టే నేనూ ఎత్తుతున్నాను. నాయన అవమానం దాచుకోలేదు, పనికొచ్చేది తీసుకుని మిగతాది ఆ వాకిట్లోనే వదిలేసి వచ్చాడు. వదల్లేదేమో, నాకేం తెలుసు. ఆ ధోవతి చిరిగిపోయేదాకా కట్టాడు కదా.

ఆయనను పెట్టుకుంటే ఓదెలు మామ చేతులాడవు. పెట్టుకోకపోతే పోగులు ఆగవు. ఎటు తిప్పినా ఇక్కడికే వస్తోంది. ఆ కన్ను నాకు కావాలి, ఆ దొర వద్దు. కన్ను ఒకటే తీసి ఇవ్వమని ఎవరినడగాలి?

వైరు ఎవరో పారేసిన కరెంటు మోటారు వైరట. సార్లు వచ్చి చూసి జీపెక్కి పోయారు. కండక్టరు రైట్ రైట్ అన్నాడు. బుగ్గారం ఆయన నా పక్కనే కూర్చున్నాడు, సంచిలోంచి ఇంత మట్టి నా పంచె మీద రాలింది. దులుపుకోలేదు. కథలాపూర్ వచ్చింది, పోయింది. జవాబు ఇంకా రాలేదు.

కోరుట్లలో ఆ ఇల్లు చిన్న సందులో ఉంది. తలుపు తెరిచే ఉంది. గుమ్మం ముందు నా కాళ్ళు ఆగాయి. ఎవరింటికి పోయినా చెప్పులు విడుస్తాం, అది మర్యాద. ఇక్కడ విడిస్తే మర్యాదా, మా నాయన నడకా? ఎవరు చెప్తారు నాకు? కిందికి చూశాను. గుమ్మం పక్క ఆయన చెప్పులున్నాయి, ఒకదానికి పట్టీ తెగితే తీగతో కట్టుకున్నాడు. వాటి పక్కనే నావి విడిచాను. మా నాయన చెప్పులకు ఆ చోటు ఏనాడూ దొరకలేదు. లోపలి నుంచి ఆయన భార్య చంద్రకళ వచ్చింది. "రాండ్రి, కూసోండ్రి" అని, వెనక్కి తిరిగి కిటికీ వైపు చూపించింది. "వారం సంది గదే పని. అన్నం సుత యాల్లకు తింటలేరు."

కిటికీ చువ్వలకు నూలు పోగులు వేలాడుతున్నాయి. పదులు కాదు, వందేమో. ప్రతి పోగుకూ ముడి, ప్రతి ముడీ తప్పు. లావుగా ఉన్నాయి, అంత లావు ముడి సాంచె అచ్చు పళ్ళ సందులో దూరదు, అక్కడే మళ్ళీ తెగుతుంది. దామోదర్ రావు కిటికీ దగ్గర నిలబడి రెండు కొసలు పట్టుకుని కడుతున్నాడు, నన్ను చూసి కూడా ఆపలేదు, లేక ఆపితే మెలిక జారుతుందని భయమేమో. తల సగం నెరిసింది. కొసను మెలికలోంచి కింద నుంచి తీశాడు. పై నుంచి తీయాలి. నేను కూర్చున్నదీ తెలియదు, లేచిందీ తెలియదు.

"గట్ల కాదు" అన్నాను.

ఆయన వేళ్ళలోంచి పోగు తీసుకున్నాను. బొటనవేలు, చూపుడువేలు, ఒక మెలిక, గోటితో నొక్కు. వెలుతురుకు ఎత్తి చూపించాను. ఆయన ముడి కోసం వెతికాడు, ఎక్కడుందో కనిపించలేదు. మా ఊళ్ళో ఆ ఇంటివాళ్ళకు గట్ల కాదు అని చెప్పినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు.

"నాకంటె ఓదెలు మామ మంచిగ చూపిస్తడు" అన్నాను. "సోమవారం రాండ్రి. సలహాలు తర్వాత. ముందుగాల ఆయన పక్కన నిలబడి గీ ముడి నేర్సుకోవాలె. అందరి ముంగట."

ఆయన కిటికీకి వేలాడుతున్న ముడుల వైపు చూశాడు. "నవ్వుతరు" అన్నాడు.

"నవ్వుతరు. లసుమవ్వ అయితె పడి పడి నవ్వుతది."

కిటికీ చువ్వకున్న ఇంకో పోగు తెంపి, తెగిన కొసలు రెండూ నా ముందు పట్టుకున్నాడు. "నవ్వనీ. మల్లొకసారి చూపియ్యి, మెల్లగ" అన్నాడు.

మెల్లగా చూపించాను.